పద్యనాటక రంగంలో నిలదొక్కుకోవడం ఎలా: తొలి పద్యం నుంచి కాంట్రాక్టు నాటకం దాకా

పాట, మాట, అభినయం మూడూ ఒకే నటుడిలో కలిసి నడవాల్సిన రంగస్థలం తెలుగువారికి పద్యనాటకం. ఈ రంగంలోకి కొత్తగా రావాలనుకుంటున్న యువతీయువకుల కోసం, పాఠశాల వేదికల మీద ఏకపాత్రాభినయం చేసి అక్కడే ఆగిపోయినవారి కోసం, ఉద్యోగం చేసుకుంటూనే వేషం కట్టాలన్న కోరికను వదులుకోలేనివారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులో చెప్పే క్రమాన్ని పాటిస్తే రెండు మూడేళ్లలో ఒక పాత్రను బాధ్యతగా మోయగల స్థాయికి చేరుకోవచ్చునని నా నమ్మకం. అంతకంటే తొందరగా వేదిక ఎక్కినవారు లేకపోలేదు కానీ, వారిలో చాలామంది పద్యాన్ని రాగంతో నేర్చుకున్నారే తప్ప అర్థంతో నేర్చుకోలేదు. ఆ లోటు ఆ తర్వాత ఎన్నేళ్లయినా పూడదు.

ముందుగా ఈ సంప్రదాయం గురించి కొంత తెలుసుకోవాలి. 1880ల్లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాల్లో పద్యాలకు, పాటలకు పెద్దపీట వేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో సురభి కుటుంబాల నాటక జీవితం మొదలైంది. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం, చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం వంటివి ఊరూరా పాకిపోయాయి. ఈ చరిత్రలో నటుడికి పనికొచ్చే విషయం ఒకటుంది. ఈ నాటకాలు శతాబ్దానికి పైగా ఆడుతూనే ఉన్నాయి కాబట్టి, మీ ముందు నేల మీద కూర్చున్న ప్రేక్షకుల్లో కనీసం కొందరికి మీరు పాడబోయే పద్యం ముందే కంఠస్థం. కథ తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రుత వారికి ఉండదు. ఈ వేషధారి ఈ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడు, ఎక్కడ విరుస్తాడు, ఎలా దింపుతాడు అన్నదే వారి ఆసక్తి. మీ సాధన అంతా ఆ చెవులను దృష్టిలో పెట్టుకుని సాగాలి.

మొదటి మెట్టు: ఉచ్చారణ, శ్రుతి

సంగీతం నేర్చుకోవడానికి ముందే నాలుక తీరును సరిచేసుకోవాలి. శ, ష, స మధ్య తేడా, ళ, ల మధ్య తేడా, ణ, న మధ్య తేడా స్పష్టంగా పలకాలి. భీముడు, ధర్మజుడు, ఖడ్గం అన్న మాటల్లో ఒత్తులు వినిపించాలి. ‘చల్లని’లోని చకారం, ‘చెల్లి’లోని చకారం వేరువేరుగా పలుకుతాయన్న సంగతి చెవికి తెలియాలి. మీ ఇంటి యాస ఏ ప్రాంతానిదైనా దాన్ని దాచుకోవలసిన పని లేదు, మామూలు మాటల్లో అది అందమే. పద్యంలో మాత్రం ప్రతి అక్షరమూ చివరి వరుస దాకా చేరాలి. రోజూ ఉదయం పావుగంట సేపు, రాగం ఏమీ లేకుండా, ఒక పద్యాన్ని నెమ్మదిగా బిగ్గరగా చదవండి. దాన్ని సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, ఆ పద్యం తెలియని వారికి వినిపించండి. వారు విన్నది విన్నట్టు తిరిగి చెప్పగలిగితే మీ ఉచ్చారణ బాగున్నట్టే.

తర్వాత మీ శ్రుతిని, అంటే మీ పాటకు ఆధారమైన షడ్జం ఎత్తును, నిర్ణయించుకోవాలి. హార్మోనియం మీద తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అని పూర్ణసంఖ్యలతోనూ, నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర అని అరలతోనూ పిలుస్తారు. కర్ణాటక సంగీత కచేరీలో మగవారు సాధారణంగా ఒకటి నుంచి రెండు వరకు ఉన్న శ్రుతుల్లో పాడతారు. మైకులు లేని కాలంలో రంగస్థల నటులు తమ గొంతు పందిరి చివరికి చేరాలంటే అంతకంటే ఎంతో ఎత్తున పాడవలసి వచ్చేది. ఆ పాత రికార్డులు విని, అదే ఎత్తులో పాడితేనే పద్యనాటకమవుతుందని కొత్తవారు భ్రమపడతారు. ఇప్పుడు మైకు ఉంది, ఆ అవసరం లేదు. మీ గొంతులో మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) వినపడేటట్టు పలుకుతూ, తారస్థాయిలో (పై స్థాయిలో) కనీసం మధ్యమం (‘మ’) వరకు అరవకుండా అందుకోగలిగే శ్రుతి ఏదో అదే మీది. గంటసేపు పాడిన తర్వాత కూడా అదే సుఖంగా ఉందో లేదో చూసుకుని ఖాయం చేసుకోండి. తరచూ శ్రుతి మార్చేవారితో హార్మోనిస్టులు పని చేయలేరు.

రెండో మెట్టు: పద్యాన్ని చదవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి ఇక్కడ కొంత ఎక్కువ సేపు ఆగుతాను. పద్యనాటకంలో పద్యం అంటే సంభాషణ. ఒక పాత్ర మరో పాత్రతో ఏదో ఒకటి సాధించడానికి, ఒప్పించడానికో, బెదిరించడానికో, బతిమాలడానికో, దెప్పిపొడవడానికో ఆ నాలుగు పాదాలూ పలుకుతుంది. దాన్ని కచేరీలోని కీర్తనలాగా పాడితే ఎంత మధురంగా ఉన్నా నాటకం అక్కడితో ఆగిపోతుంది. 1880లో పుట్టి 1946లో కన్నుమూసిన బళ్ళారి రాఘవ వంటి మహానటుడు నాటకంలో రాగాల సాగతీతను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. రాఘవ దారి వేరు, పద్యనాటక నటుల దారి వేరు కావచ్చు. అయినా ఆ హెచ్చరికను పద్యం పాడే ప్రతివారూ గుర్తుపెట్టుకోవాలి.

ఛందస్సు నటుడికి ఎందుకు అవసరమో ఒక్క పాదంతో చూద్దాం. ఉదాహరణ కోసం నేనే కట్టిన ఉత్పలమాల పాదం ఇది:

కానల కేగినన్ గలుగు కష్టము లెల్ల సహింపవచ్చుగా

ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు. ఇక్కడ మొదటి అక్షరం ‘కా’, పదో అక్షరం ‘కష్టము’లోని ‘క’. కొత్తగా నేర్చుకునేవారు యతి దగ్గర ఆగాలని ఎవరో చెప్పగా విని, ‘కానల కేగినన్ గలుగు’ అని ఊపిరి తీసుకుని, ఆ తర్వాత ‘కష్టము లెల్ల’ అని ఎత్తుకుంటారు. అలా చేస్తే ‘కలుగు’ అన్న విశేషణం దాని ‘కష్టము’ నుంచి తెగిపోయి, వినేవారికి అడవికి వెళ్తే ఏదో కలుగుతుందని మాత్రమే అర్థమవుతుంది. అర్థాన్ని బట్టి చూస్తే మొదటి విరుపు ‘కేగినన్’ తర్వాత రావాలి. అడవికి వెళ్లవలసి వచ్చినా, అన్న ఆలోచన అక్కడ పూర్తవుతుంది. ‘గలుగు కష్టము లెల్ల’ అన్నది ఒకే ఊపిరిలో రావాలి. దాని తర్వాత రెప్పపాటు ఆగి, ‘సహింపవచ్చుగా’ అన్న మాటను ఎదుటి పాత్ర కళ్లలోకి చూస్తూ పలకాలి. యతిని ఆగి చూపించనక్కరలేదు, ‘క’ మీద చిన్న ఊనిక ఇస్తే ఆ మైత్రి చెవికి దానంతటదే తెలుస్తుంది. ఇదే పాదాన్ని భార్యను ఓదార్చే భర్త పలికితే చివరి ‘గా’ మెత్తగా దిగుతుంది, శత్రువును ధిక్కరించే వీరుడు పలికితే అదే ‘గా’ పైకి లేస్తుంది. రాగం ఏదైనా కావచ్చు, ఈ నిర్ణయాలన్నీ రాగానికి ముందే జరగాలి.

ఒక్కో వృత్తానికి ఒక్కో నడక ఉంటుంది. చంపకమాల మూడు లఘువులతో (పొట్టిగా పలికే అక్షరాలతో) మొదలవుతుంది కాబట్టి ఎత్తుగడలోనే పరుగు ఉంటుంది. శార్దూలం మూడు గురువులతో (నిడివిగా పలికే అక్షరాలతో) మొదలవుతుంది కాబట్టి దుర్యోధనుడి వంటి పాత్ర నోట దానికి సహజంగానే బరువు వస్తుంది. మత్తేభం రెండు లఘువుల తర్వాత గురువుతో అడుగు వేస్తుంది. కందం చిన్నది, అందులో రాగాన్ని విస్తరించడానికి చోటు తక్కువ కాబట్టి దాన్ని దాదాపు మాటలాగే చెప్పి వదిలేయడం మంచిది. సీసం నటులకు ఇష్టమైనది, ఎందుకంటే నాలుగు పెద్ద పాదాల్లో భావాన్ని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోయి, సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో దింపవచ్చు. అయితే మొదటి పాదంలోనే తారస్థాయికి వెళ్లిపోయిన నటుడికి మూడో పాదం వచ్చేసరికి వెళ్లడానికి చోటు మిగలదు. సీసాన్ని సాధన చేసేటప్పుడు చివరి పాదం నుంచి వెనక్కి లెక్కవేసుకుని, ఎక్కడ ఎంత ఎత్తు అన్నది ముందే రాసిపెట్టుకోవాలి.

ప్రతి పద్యానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. పద్యం, ప్రతిపదార్థం, విరుపులు, ఆ పద్యంతో పాత్ర ఏమి సాధించాలనుకుంటోందో ఒక వాక్యం, దానికి ముందు ఎదుటి పాత్ర చెప్పే చివరి మాట, ఇవన్నీ ఆ పేజీలో ఉండాలి. శ్రుతి, రాగం తర్వాత చేరతాయి. మరో జాగ్రత్త ఏమిటంటే, అచ్చు పుస్తకంలో ఉన్న నాటకం వేరు, వేదిక మీద ఆడే రంగప్రతి వేరు. హరిశ్చంద్ర కాటిసీనులో గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు చేరి స్థిరపడిపోయాయన్న సంగతి అందరికీ తెలిసిందే. పుస్తకం చూసి మాత్రమే నేర్చుకుని వెళ్లిన నటుడు వేదిక మీద తెల్లబోవలసి వస్తుంది. మీ ప్రాంతంలో ఆడే రంగప్రతిని అనుభవజ్ఞుడైన నటుడి దగ్గరో హార్మోనిస్టు దగ్గరో సంపాదించి, పుస్తకంతో సరిచూసుకోండి. నోటి నుంచి నోటికి వచ్చేటప్పుడు పాఠం చెడిపోయిన చోట పుస్తకాన్నే నమ్మాలి.

మూడో మెట్టు: రాగం, హార్మోనిస్టు

కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, కొన్ని గీతాలు, రెండు మూడు వర్ణాలు నేర్చుకోవడం పద్యనటుడికి తప్పనిసరి పునాది. దీనికి ఏడాదికి తక్కువ పట్టదు. ఆ తర్వాత పద్యాలకు ఎక్కువగా వాడే రాగాల మీద దృష్టి పెట్టవచ్చు. మోహన, కల్యాణి, హిందోళం, మధ్యమావతి, శంకరాభరణం, కేదారగౌళ, కానడ, కాపీ, సింధుభైరవి వంటి పది పన్నెండు రాగాల్లో, ఏ స్వరం మీద నిలబడితే ఆ రాగం వెంటనే గుర్తుపట్టేటట్టు వినిపిస్తుందో తెలిస్తే చాలు. కచేరీ గాయకుడికి అవసరమైనంత విస్తారం నటుడికి అక్కరలేదు. రెండు మూడు పట్టులలో రాగం ముఖం చూపించి పద్యంలోకి దిగడం రావాలి.

పద్యానికి తాళం ఉండదు. పాటకు ఉంటుంది. కాబట్టి పద్యంలో కాలప్రమాణం పూర్తిగా నటుడి చేతిలోనే ఉంటుంది, హార్మోనిస్టు దాన్ని వెన్నంటి వస్తాడు. మంచి హార్మోనిస్టు మీరు ఆగిన చోట స్వరాన్ని అందిస్తాడు, మీరు తడబడిన చోట కప్పిపుచ్చుతాడు, తర్వాతి పద్యానికి శ్రుతి సిద్ధం చేసి పెడతాడు. అనేక ఊళ్లలో నాటకం నేర్పేదీ ఆయనే. కొత్త నటుడు వేదిక ఎక్కే ముందు పది నిమిషాలైనా హార్మోనిస్టు పక్కన కూర్చుని, తన శ్రుతి, పద్యాల వరుస, రాగాలు, ఎక్కడ ఆలాపన తీస్తాడు, ఎక్కడ తీయడు అన్నవి చెప్పుకోవాలి. ఈ మర్యాదను పాటించని నటుడు ఎంత బాగా పాడినా ఆ రాత్రి గట్టెక్కడం కష్టం.

పద్యం చివర రాగం తీయడం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ప్రేక్షకులు దాన్ని కోరుకుంటారు, వన్స్ మోర్ అని కేకలు వేస్తారు, ఆ కేక నటుడికి ప్రాణం పోస్తుంది. అది ఈ సంప్రదాయంలో భాగమే, దాన్ని తీసేయమని నేను అనను. అయితే ఆలాపన పాత్ర మనసులో ఉన్న భావానికి కొనసాగింపుగా సాగాలి. కొడుకు శవం ముందు కూర్చున్న తల్లి తారస్థాయిలో గమకాల విన్యాసం చేస్తుంటే పక్కనున్న హరిశ్చంద్రుడు ఏం చేయాలో తోచక నిలబడిపోతాడు. కృష్ణ వేషధారులుగా పేరుపొందిన పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు ఇద్దరి రికార్డులనూ పక్కపక్కన పెట్టుకుని ఒకే సన్నివేశాన్ని వినండి. ఒకే పద్యానికి ఇద్దరి నడకా ఎంత వేరుగా ఉందో గమనించండి. ఎవరినీ అనుకరించకండి. ఒక్కొక్కరు ఒక్కో మాటను ఎందుకు అలా పలికారన్న ప్రశ్న వేసుకుంటే, మీ పద్ధతి మీకు దొరుకుతుంది.

నాలుగో మెట్టు: పద్యం పాడుతూ నటించడం

పాడేటప్పుడు చేతులు ఏం చేయాలన్నది కొత్తవారికి పెద్ద చిక్కు. ప్రతి మాటకూ చేతితో బొమ్మ గీయడం, మైకు ముందు కదలకుండా నిలబడిపోవడం, రెండూ తప్పే. విరుపు దగ్గర మాత్రమే భంగిమ మారాలన్న నియమం పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. భావం మారేది అక్కడే కాబట్టి కదలిక కూడా అక్కడే సహజంగా వస్తుంది. ఇంకో పెద్ద విషయం, ఎదుటి నటుడు పాడుతున్నప్పుడు మీరు ఏం చేస్తున్నారన్నది. దుర్యోధనుడు పద్యం పాడుతుంటే కృష్ణుడు కిరీటం సర్దుకోవడం, ప్రేక్షకుల్లో తెలిసినవారిని చూసి నవ్వడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఎదుటివారి పద్యాన్ని కూడా మీరు కంఠస్థం చేసి ఉంటే, ఏ మాట దగ్గర మీ ముఖం మారాలో మీకు తెలిసిపోతుంది.

పద్యాల మధ్య వచనాన్ని నిర్లక్ష్యం చేయకూడదు. వచనం చివరి మాట నుంచి పద్యం మొదటి అక్షరానికి వెళ్లేటప్పుడు గొంతు ఒక్కసారిగా మారిపోకుండా, ఆ చివరి వాక్యాన్నే మెల్లగా శ్రుతిలోకి తెచ్చుకోవాలి. స్త్రీ పాత్రల అభినయంలో స్థానం నరసింహారావు పేరు ఈనాటికీ ప్రమాణం. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామ వంటి పాత్రలతో జనాన్ని ముగ్ధులను చేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆయన, తన నటజీవితానుభవాలను నటస్థానం అన్న పుస్తకంగా రాశారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరిస్తున్న ఈ రోజుల్లో కూడా నడక, చూపు, చీర కొంగు గురించి ఆ తరం పెట్టిన శ్రద్ధ నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

ఐదో మెట్టు: వేషాన్ని ఎంచుకోవడం

కురుక్షేత్రం వంటి నాటకం ఒక రాత్రంతా సాగుతుంది, అందులో కృష్ణుడు ఒక్కడే అయినా వేషధారులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధరంగానికి ఒకరు. హరిశ్చంద్రలో కూడా వారణాసి సీనుకు, కాటిసీనుకు వేరువేరు హరిశ్చంద్రులు రావడం మామూలే. ఈ ఏర్పాటు కొత్త నటుడికి వరం. మొత్తం పాత్రను ఒకేసారి మోయవలసిన పని లేకుండా, ఒక్క సన్నివేశాన్ని బాగా తయారుచేసుకుని రంగంలోకి దిగవచ్చు.

గొంతు మధురంగా ఉన్న ప్రతివారూ కృష్ణుడే కావాలనుకుంటారు, అందువల్ల ఆ వేషానికి పోటీ ఎక్కువ. అర్జునుడు, ధర్మరాజు, నారదుడు, నక్షత్రకుడు, అశ్వత్థామ, కర్ణుడు వంటి వేషాలు బాగా వేయగలవారు దొరకడం కష్టం. ముఖ్యంగా నక్షత్రకుడికి వచనం మీద పట్టు, హాస్యంలో మోతాదు తెలిసిన నటుడు కావాలి. చంద్రమతి, ద్రౌపది, సత్యభామ, తార వంటి పాత్రలకు తయారైన నటీమణులకు ఏ నాటక సమాజంలోనైనా పిలుపు ఉంటుంది. నా సలహా ఏమిటంటే, మొదటి ఏడాది ఒక ప్రధాన పాత్రలో ఒక సన్నివేశం, దాంతోపాటు రెండు చిన్న వేషాలు పూర్తిగా సిద్ధం చేసుకోండి. చివరి నిమిషంలో ఒక నటుడు రాలేకపోయినప్పుడు ఆ చిన్న వేషమే మీకు తలుపు తెరుస్తుంది.

ఆరో మెట్టు: ఎక్కడ నేర్చుకోవాలి

గురువు దగ్గర నేర్చుకోవడానికి మించిన దారి లేదు. మీ జిల్లాలో ఇంకా వేషాలు వేస్తున్న పెద్ద నటుల్లో ఒకరిని వెతుక్కుని, ఆయన వెంట నాటకాలకు వెళ్లి, గ్రీన్‌రూమ్‌లో పనికి నిలబడి చూడటంతో మొదలుపెట్టండి. ఏ పద్యం ఎందుకు పండిందో, ఎందుకు చప్పబడిందో ఆ రాత్రుల్లోనే తెలుస్తుంది. సంస్థాగతంగా చదవాలనుకునేవారికి విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలు ఉన్నాయి. దిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమా ఇస్తుంది. వీటిలో నటన, దర్శకత్వం, రంగస్థల దీపాల అమరిక క్రమపద్ధతిలో నేర్పుతారు. అయితే పద్యం మాత్రం అక్కడ చదువుతున్నప్పుడు కూడా విడిగా ఒక గురువు దగ్గర నేర్చుకోవలసి ఉంటుంది. సురభి కుటుంబాలది మరో లోకం. అక్కడ పిల్లలు నడక నేర్చేనాటికే వేదిక మీద ఉంటారు. హైదరాబాద్‌లో వారి ప్రదర్శన ఎప్పుడు ఉన్నా వెళ్లి, వేదిక వెనక పని కూడా చూడటానికి అనుమతి అడగండి.

పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల లోపు వారికి కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ యువ కళాకారుల ఉపకార వేతనం ఉంది. గురువు దగ్గర ఉన్నత శిక్షణ కోసం నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు ఇచ్చే ఈ పథకంలో నాటకరంగం కూడా ఒక విభాగం. దరఖాస్తు ప్రకటన వెలువడే సమయాన్ని గమనిస్తూ, గురువు ధ్రువపత్రాన్ని, ప్రదర్శనల ఫొటోలను ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి.

ఏడో మెట్టు: వేదిక ఎక్కడం

ఏకపాత్రాభినయంతో మొదలుపెట్టి, నాటక సమాజంలో చిన్న వేషానికి, అక్కడి నుంచి నాటక పరిషత్తులు జరిపే పోటీలకు, ఆ తర్వాత కాంట్రాక్టు నాటకాలకు వెళ్లడం ఆరోగ్యకరమైన క్రమం. పరిషత్తు నాటకానికి నిర్ణీత వ్యవధి ఉంటుంది, రిహార్సల్స్ నెలల తరబడి సాగుతాయి, దర్శకుడి మాట చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఉండటం వల్ల కొత్త రచనలు, కొత్త నటులు వెలుగులోకి వచ్చారు. క్రమశిక్షణ అక్కడ అలవడుతుంది.

కాంట్రాక్టు నాటకం దీనికి పూర్తిగా భిన్నం. శివరాత్రికో, శ్రీరామనవమికో, ఊరి జాతరకో గ్రామ పెద్దలు ఒక కాంట్రాక్టరుకు నాటకం అప్పగిస్తారు. ఆయన ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుడిని పిలుస్తాడు. అర్జునుడు, కృష్ణుడు ఆ రాత్రి గ్రీన్‌రూమ్‌లోనే మొదటిసారి కలుసుకోవచ్చు. రిహార్సల్ అన్న మాటే ఉండదు. ఇక్కడ నిలబడాలంటే ముగ్గురితో ముందే మాట్లాడుకోవాలి. హార్మోనిస్టుతో రాగాల వరుస, ఎదుటి నటుడితో ఏ పద్యాలు ఉంచుతున్నారు, ఏవి తీసేస్తున్నారన్నది, కాంట్రాక్టరుతో మీ సీను ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగియాలన్నది. మీ ముందు వచ్చిన కృష్ణుడు సమయం మించిపోతే మీ సీనులో కోత పడుతుంది. కాబట్టి ప్రతి సన్నివేశాన్నీ పూర్తిగా ఒకసారి, కుదించి ఒకసారి సిద్ధం చేసుకోండి. ఏ పద్యం తీసేసినా కథ తెగకుండా ఎక్కడ అతకాలో మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

వేషం కట్టడం గురించి క్లుప్తంగా చెబుతాను. కిరీటం, భుజకీర్తులు అద్దెకు తెచ్చుకునేటప్పుడు ఒకసారి పెట్టుకుని పాడి చూడాలి. కిరీటం బిగువుగా ఉంటే దవడ పూర్తిగా తెరుచుకోదు, పై స్థాయి స్వరాలు నొక్కుకుపోతాయి. పాతకాలంలో ముఖానికి పూసిన అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం కాబట్టి దాన్ని ఎవరు ఇచ్చినా వాడకూడదు. రంగు తీసేటప్పుడు కొబ్బరినూనె పట్టించి, నిదానంగా మెత్తటి గుడ్డతో తుడవాలి. రంగు తీయకుండా నిద్రకళ్లతోనే బస్సెక్కితే చర్మం పాడవుతుంది.

ఎనిమిదో మెట్టు: బతుకుతెరువు

పద్యనాటకం మీదే పూర్తిగా ఆధారపడి కుటుంబాన్ని పోషించగలిగేవారు కొద్దిమందే. పంటలు ఇంటికి చేరాక, సంక్రాంతి నుంచి వేసవి వరకు నాటకాలు ఎక్కువగా ఉంటాయి, వానాకాలంలో దాదాపు ఉండవు. అందుకే ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవారిలో ఉపాధ్యాయులు, రైతులు, చిరుద్యోగులు ఎందరో కనిపిస్తారు. రెండో ఆదాయాన్ని కళకు ద్రోహంగా భావించకండి. పగలు చేతిలో పని ఉన్న నటుడు తనకు తగని వేషాన్ని, తగని పారితోషికాన్ని వద్దనగలుగుతాడు.

ఒప్పందం చేసుకునేటప్పుడు మొహమాటం పనికిరాదు. పారితోషికం ఎంత, బయానా ఎంత, రానూపోనూ ఖర్చులు ఎవరివి, దుస్తులు మీవా కాంట్రాక్టరువా, వాన వచ్చి నాటకం ఆగిపోతే ఎంత ఇస్తారు, ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడుకున్న తర్వాత ఒక సందేశంగా రాసి పంపి, అవునని జవాబు తెప్పించుకోండి. మిగతా సొమ్ము వేషం కట్టే ముందే తీసుకునే ఆనవాయితీ ఉన్నచోట దాన్ని పాటించండి. తెల్లవారాక కాంట్రాక్టరును వెతుక్కుంటూ తిరిగే అవస్థ తప్పుతుంది.

పద్యం చెప్పగల గొంతుకు ఇతర దారులూ ఉన్నాయి. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు సంపాదిస్తే ప్రసార అవకాశాలు వస్తాయి. పద్యగాన కార్యక్రమాలు, సీరియళ్లకు, పౌరాణికాలకు డబ్బింగ్, పాఠశాలల్లో పద్యపఠన శిక్షణ, విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పద్యాలు నేర్పడం, ఇవన్నీ నటుడి సాధనకు భంగం కలిగించని పనులు. పిల్లలకు అర్థం చెప్పి పద్యం నేర్పేటప్పుడు మీ విరుపులు కూడా పదునెక్కుతాయి.

తొమ్మిదో మెట్టు: గొంతు, ఒళ్లు, ఇల్లు

రాత్రంతా మంచులో నిలబడి పాడటం శరీరానికి పెద్ద శ్రమ. నాటకానికి రెండు మూడు గంటల ముందే తేలికగా భోజనం ముగించాలి. కడుపునిండా తిని పాడితే పుల్లటి ద్రవం గొంతులోకి ఎగదన్ని స్వరతంత్రులు మండుతాయి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. వేదిక ఎక్కే ముందు మంద్రంలో హుంకారంతో మొదలుపెట్టి పావుగంటలో పైకి రావాలి. నాటకం ముగిసిన మర్నాడు వీలైనంత మౌనంగా ఉండాలి. గుసగుసలాడటం కూడా గొంతుకు విశ్రాంతి కాదు, దానివల్ల తంత్రులు మరింత బిగుసుకుంటాయి. గొంతు బొంగురు మూడు వారాలకు మించి తగ్గకపోతే చిట్కాలు మానేసి చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గర స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి. స్వరతంత్రుల మీద వచ్చే బొడిపెలు తొలిదశలో విశ్రాంతితో, స్వర చికిత్సతో చాలామందికి తగ్గుతాయి. వాటితోనే పాడుతూ పోతే పై స్థాయి శాశ్వతంగా పోవచ్చు. పొగాకు, మద్యం ఎంతమంది మంచి గొంతులను మింగేశాయో ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. చలికి, నిద్రకు మందు అని చెప్పి చేతికి అందించేవారు గ్రీన్‌రూమ్‌లోనే ఉంటారు. మొదటి రాత్రే వద్దని చెప్పాలి.

నటీమణులు ప్రయాణ ఏర్పాట్లు, వేరే గ్రీన్‌రూమ్, మరుగుదొడ్డి, నాటకం తర్వాత బస గురించి ఒప్పందంలోనే అడగాలి. వాటిని అడగడం గొంతెమ్మ కోరిక అన్నట్టు మాట్లాడే కాంట్రాక్టరు నాటకాన్ని వదులుకోవడమే మంచిది. పేరున్న మగ నటులు వారి పక్షాన నిలబడి అడిగితే ఈ సదుపాయాలు త్వరగా అలవాటుగా మారతాయి, ఆ బాధ్యత వారిది.

పండుగ రాత్రులన్నీ వేదిక మీదే గడిచిపోతాయి కాబట్టి ఇంట్లోవారితో ఏడాది నాటకాల పట్టికను ముందే పంచుకోండి. నెలకు కొంత మొత్తం వేరే ఖాతాలో వేస్తూ, ఆరోగ్య బీమా తీసుకోండి. ప్రదర్శనల కరపత్రాలు, పత్రికా వార్తలు, సన్మాన పత్రాలు తేదీలతో సహా ఒక ఫైలులో దాచండి. ఉపకార వేతనానికైనా, ఫెలోషిప్‌కైనా, అరవై దాటాక కళాకారుల పింఛనుకైనా మీరు ఇన్నేళ్లు వేషం వేశారనడానికి అడిగే రుజువు అదే. ఆ ఫైలుతో పాటు మీరు పాడే ప్రతి పద్యాన్నీ ఏడాదికి ఒకసారి హార్మోనియంతో పూర్తిగా రికార్డు చేసి, అర్థంతో, విరుపులతో ఉన్న నోట్‌బుక్ పేజీ ఫొటోను దానికి జతచేసి, మీ దగ్గర నేర్చుకుంటున్న వారికి ఒక ప్రతి ఇచ్చి ఉంచండి.